తెల్ల కోడె సాక్షిగా: వున్లిట్ శాంతి నిబంధన (1999), సంఘానికి అది నేర్పే పాఠాలు

ఉపోద్ఘాతం

ఆదికాండము 13వ అధ్యాయం మనం తరచుగా ప్రసంగించే భాగమే. అబ్రాము మందలు, లోతు మందలు పెరిగాయి. ఉన్న చోటు చాలలేదు. కాపరులకూ కాపరులకూ జగడం పుట్టింది. 26వ అధ్యాయంలో ఇస్సాకు దాసులు గెరారు లోయలో బావి త్రవ్వితే ఆ నీళ్ళు తమవేనని అక్కడి కాపరులు పోట్లాడారు. 31వ అధ్యాయంలో యాకోబు, లాబాను రాళ్ళ కుప్ప వేసి, దానిని సాక్షిగా పెట్టుకొని, హాని తలపెట్టి ఒకరి వైపుకు ఒకరు దాటిపోమని ప్రమాణం చేసుకున్నారు. మేత, నీళ్ళు, హద్దు, ప్రమాణం అనే నాలుగు మాటల చుట్టూ పితరుల చరిత్రలో చాలా భాగం తిరుగుతుంది. మనం ఈ భాగాలకు ఆత్మీయార్థం చెప్పి ముందుకు సాగిపోతాం. అయితే ఈ అధ్యాయాలలోని బ్రతుకును ఇప్పటికీ బ్రతుకుతున్న ప్రజలున్నారు. తూర్పు ఆఫ్రికాలో నైలు నది తీరాన మందలు మేపుకొనే డింకా, నూయర్ జాతులు అటువంటివారు.

ఈ రెండు జాతుల మధ్య 1991 నుండి సాగిన రక్తపాతాన్ని నైలు పడమటి గట్టున ఆపడానికి 1999లో సంఘం పూనుకుంది. వున్లిట్ అనే గ్రామంలో కుదిరిన ఆ ఒప్పందాన్ని వారు కేవలం ఒప్పందం అనలేదు, నిబంధన అన్నారు. ఆ నిబంధన కొంత కాలం నిలిచింది. కొన్ని చోట్ల ప్రాణాలు కాపాడింది. తరువాత దేశమే మళ్ళీ యుద్ధంలో పడిపోయింది. కనుక ఇది విజయగాథగా చెప్పుకొని ముగించదగిన కథ కాదు, ఓటమి కథ అని కొట్టిపారవేయదగినదీ కాదు. సమాధానపరచు పరిచర్య మనకు అప్పగించబడిందని నమ్మే సేవకులు ఆ పరిచర్య శక్తిని, దాని హద్దులను కూడా తెలుసుకొనడానికి ఈ చరిత్ర పనికివస్తుంది.

1. పశువే ప్రాణమైన ప్రజలు

డింకాలు తమను జియెంగ్ అని, నూయర్లు తమను నాథ్ అని పిలుచుకుంటారు. ఇద్దరివీ నైలోటిక్ కుటుంబానికి చెందిన దగ్గరి భాషలే. ఇద్దరి జీవనమూ ఒకటే. వర్షాకాలంలో నది పొంగి పల్లపు నేలలన్నీ మునిగిపోతాయి. అప్పుడు మెట్ట మీది ఊళ్ళలో ఉండి జొన్న పండించుకుంటారు. వాన వెనుకబడి నేల ఆరిన తరువాత యువకులు మందలను తోలుకొని నది దగ్గరి పచ్చిక బయళ్ళకు దిగుతారు. ఈ ముంపు పచ్చికను డింకాలు టోయిచ్ అంటారు. ఎండాకాలం చివరికి వచ్చేసరికి నీళ్ళున్న చోట్లు కొన్నే మిగులుతాయి. ఆ కొన్ని చోట్లకే ఇరువైపుల మందలూ చేరాలి. గొర్రెల మందలతో వేసవిలో దూరప్రాంతాలకు వలస వెళ్ళే మన పాలమూరు గొల్ల కురుమలను ఎరిగినవారికి ఈ పరిస్థితి అర్థం కావడం కష్టం కాదు.

వీరికి పశువు పాలిచ్చే జంతువు మాత్రమే కాదు. పెండ్లికి ఓలి పశువులతో ఇవ్వాలి. హత్య జరిగితే రక్తపరిహారం పశువులతో చెల్లించాలి. బలికి పశువే కావాలి. యువకుడు తనకు ఇష్టమైన ఎద్దు రంగును బట్టి పేరు పెట్టుకుంటాడు. మంద పోయిన ఇంట్లో కుమారునికి పెండ్లి కాదు, వంశం నిలవదు. అందుచేత పశువుల దోపిడీని మనం దొంగతనం అని పిలిచి ఊరుకుంటే విషయం సగమే తెలుస్తుంది. తోలుకుపోయేవాడు ఒక ఇంటి భవిష్యత్తునే తోలుకుపోతున్నాడు.

అటువంటి సమాజంలో కలహాలు తప్పవు. కలహాలను అదుపు చేసే కట్టుబాట్లు కూడా వారికి ఉండేవి. మానవశాస్త్రవేత్త ఇవాన్స్-ప్రిచర్డ్ 1930లలో నూయర్ల మధ్య నివసించి, 1940లో ప్రచురించిన గ్రంథంలో వాటిని వివరించాడు. నూయర్లలో ఒకడు మరొకనిని చంపితే హంతకుడు చిరుతపులి చర్మం ధరించే పెద్ద ఇంటికి పరుగెత్తుతాడు. అక్కడ ఉన్నంతవరకు అతని మీద చేయి వేయరాదు. ఆశ్రయపురముల సంగతి చదివిన మనకు ఇది క్రొత్త కాదు. ఆ పెద్ద హంతకుని చేతి మీద గాటు పెట్టి రక్తం కార్చేవరకు అతడు తినకూడదు, త్రాగకూడదు. తరువాత పెద్ద ఇరుపక్షాల మధ్య తిరిగి, చనిపోయినవాని కుటుంబానికి 40 నుండి 50 పశువుల వరకు పరిహారం కుదురుస్తాడు. ఆ పెద్దకు సైన్యం లేదు, ఆజ్ఞాపించే అధికారమూ లేదు. చిందిన రక్తం అపవిత్రత తెస్తుందన్న భయమే అతని బలం. డింకాలలో ఈ పాత్ర చేపల ఈటె ధరించే పెద్దలది. దేవుని యెదుట ప్రార్థించి బలి అర్పించే వంశాలు వారివి.

2. కట్టుబాట్లు ఎలా తెగిపోయాయి

1955లో మొదలైన సూడాన్ మొదటి అంతర్యుద్ధం 1972లో అడిస్ అబాబా ఒప్పందంతో ముగిసింది. ఆ మధ్యవర్తిత్వంలో ప్రపంచ సంఘాల మండలి, అఖిల ఆఫ్రికా సంఘాల సమాఖ్య ముఖ్యపాత్ర వహించాయి. సమాఖ్య ప్రధాన కార్యదర్శి కానన్ బర్జెస్ కార్ ఆ చర్చలకు అధ్యక్షత వహించాడు. అంటే శాంతి పనిలో సూడాన్ సంఘాలకు వున్లిట్ కంటే ముందే అనుభవం ఉంది. అయితే 1983లో అధ్యక్షుడు నిమైరీ దక్షిణ ప్రాంతపు స్వపరిపాలనను రద్దు చేసి, షరియా చట్టాన్ని విధించాడు. ఆ సంవత్సరమే జాన్ గరాంగ్ నాయకత్వంలో సూడాన్ ప్రజా విమోచన సైన్యం పుట్టింది. రెండవ యుద్ధం మొదలయింది.

1991 ఆగస్టులో ఆ సైన్యం రెండుగా చీలింది. గరాంగ్ డింకా. చీలిపోయిన రియెక్ మాచార్ నూయర్. నాయకుల మధ్య తగవు మొదట రాజకీయమైనది. కొన్ని నెలల్లోనే అది జాతుల మధ్య తగవుగా మారింది. ఆ సంవత్సరం నవంబరు ప్రాంతంలో మాచార్ పక్షపు నూయర్ దళాలు బోర్ డింకాల మీద పడ్డాయి. సుమారు 2,000 మంది చనిపోయారని ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ అంచనా వేసింది. లెక్కలేనన్ని పశువులు పోయాయి. ప్రతీకారంగా డింకా దళాలు నూయర్ ఊళ్ళను కాల్చాయి. ఇది ఏండ్ల తరబడి సాగింది.

ఈ కాలంలో మారినది చంపేవారి సంఖ్య మాత్రమే కాదు. పూర్వం దాడులలో స్త్రీలను, పిల్లలను, వృద్ధులను చంపడం సిగ్గుమాలిన పని. దేవుడు దానిని శిక్షిస్తాడన్న భయం ఉండేది. 1991 తరువాత ఆ గీత చెరిగిపోయింది. నూయర్లను చాలా కాలం పరిశీలించిన షారన్ హచిన్సన్ అనే మానవశాస్త్రవేత్త ఒక కారణం చూపింది. ఈటె విసిరినవానికి తాను ఎవరిని చంపాడో తెలుస్తుంది. తుపాకి గుండు ఎవరిదో ఎవరికి తెలుస్తుంది? పైగా ప్రభుత్వ యుద్ధంలో చంపితే ఆ రక్తం అంటదని, శుద్ధి అక్కరలేదని, పరిహారం చెల్లించనక్కరలేదని సైనికాధికారులు బోధించారు. మనస్సాక్షికి మినహాయింపు పత్రం వ్రాసి ఇచ్చారన్నమాట. చిరుతపులి చర్మం ధరించిన పెద్ద చేతిలో ఉన్న ఒక్క ఆయుధమూ ఆ విధంగా పోయింది.

సేవకులారా, ఇక్కడ ఒక క్షణం ఆగి ఆలోచించాలి. హేబెలు రక్తం నేలలో నుండి మొరపెట్టిందని ఆదికాండము 4వ అధ్యాయం చెబుతుంది. ఆ మొర వినపడకుండా చేసే బోధ ఏ కాలంలోనైనా, ఏ దేశంలోనైనా, ఏ జాతి పేరున వచ్చినా, అది హత్యకు తోడ్పడే బోధే.

3. సంఘం మధ్యవర్తి ఎలా అయింది

విమోచన సైన్యం ఆధీనంలో ఉన్న ప్రాంతాల సంఘాలు ఖార్టూమ్‌లోని సంఘాల మండలితో సంబంధం పెట్టుకొనడం అసాధ్యమయింది. అందుచేత 1990లో న్యూ సూడాన్ సంఘాల మండలి ఏర్పడింది. టోరిట్ కతోలిక బిషప్పు పారిదే తబాన్ దాని స్థాపకులలో ఒకడు. కతోలికులు, ఎపిస్కోపల్ సభ, ప్రెస్బిటేరియన్లు ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు.

ఇది చిన్న సంగతి కాదు. బ్రిటిష్ పాలనలో మిషన్లకు వేర్వేరు ప్రాంతాలు కేటాయించారు. అమెరికా ప్రెస్బిటేరియన్లు అప్పర్ నైల్‌లో నూయర్, షిల్లుక్ ప్రజల మధ్య పనిచేశారు. సి.ఎం.ఎస్. మిషనరీలు బోర్ డింకాల మధ్య స్థిరపడ్డారు. బహర్ అల్ గజాల్ డింకాల మధ్య కతోలిక మిషన్ పెరిగింది. కాబట్టి నూయర్ క్రైస్తవుడంటే చాలావరకు ప్రెస్బిటేరియన్, డింకా క్రైస్తవుడంటే ఎపిస్కోపల్ లేక కతోలికుడు. మిషన్ సరిహద్దే జాతి సరిహద్దు అయింది. గుంటూరు లూథరన్లకు, ఒంగోలు బాప్టిస్టులకు, మచిలీపట్నం సి.ఎం.ఎస్.కు అని పంచుకున్న చరిత్ర గల మనకు, ఆ పంపకం తరువాతి తరాల మీద వేసే ముద్ర తెలియనిది కాదు. నాయకులు చీలినప్పుడు సంఘాలు కూడా చీలిపోవడం సులభమై ఉండేది. చీలకుండా నిలబడ్డారు గనుకనే ఇరుపక్షాలవారు వారి మాట విన్నారు.

1998 నాటికి ప్రజలు అలసిపోయారు. ఆ ఏడాది బహర్ అల్ గజాల్‌లో ఘోరమైన కరవు వచ్చింది. మాచార్ 1997లో ఖార్టూమ్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్నా, నూయర్ల మధ్యనే పౌలినో మటిప్ దళాలకు, మాచార్ దళాలకు పోరు రేగింది. చమురు బావుల కోసం ప్రభుత్వం నూయర్ నేలను ఖాళీ చేయించసాగింది. అటు డింకాల శత్రుత్వం, ఇటు సొంతవారి పోరు. 1998 జూన్‌లో సంఘాల మండలి కెన్యా సరిహద్దులోని లోకిచోగియోలో డింకా, నూయర్ పెద్దలను, సంఘ నాయకులను సమావేశపరచింది. మండలి కార్యనిర్వాహక కార్యదర్శి రెవ. డా. హారూన్ రూన్, సలహాదారుగా వచ్చిన అమెరికా ప్రెస్బిటేరియన్ పాదిరి విలియం లౌరీ ఈ పనిలో ముందున్నారు. పెద్దలు అక్కడ ఒకరినొకరు తిట్టుకున్నారు, ఏడ్చారు, చివరికి తమ ప్రజలందరి మధ్య పెద్ద సభ పెట్టాలని తీర్మానించారు.

ఆ తరువాత జరిగినది ముఖ్యమైనది. సభకు ముందే నూయర్ పెద్దలు డింకా దేశానికి, డింకా పెద్దలు నూయర్ దేశానికి వెళ్ళారు. చంపబడతామన్న భయంతోనే వెళ్ళారు. ఏడెనిమిది ఏండ్లుగా శత్రువులు తప్ప ఎవరూ దాటని దారులవి. పోయినవారు ప్రాణాలతో తిరిగి వచ్చారు. సభ జరుగుతుందని ప్రజలు నమ్మినది ఏ ప్రకటననో చూసి కాదు, తమ పెద్ద తిరిగి ఇంటికి రావడం చూసి.

4. వున్లిట్‌లో జరిగింది

1999 ఫిబ్రవరి 27 నుండి మార్చి 8 వరకు సభ జరిగింది. వున్లిట్ బహర్ అల్ గజాల్‌లో, నూయర్ దేశపు సరిహద్దుకు చేరువలో ఉన్న డింకా గ్రామం. అక్కడి ప్రజలు సుమారు 150 మట్టి ఇండ్లు కట్టి తమ శత్రువులకు బస ఏర్పాటు చేశారు. భద్రతకు విమోచన సైన్యం మాట ఇచ్చింది. వేయి మందికి పైగా వచ్చారు. పెద్దలు, పాదిరులు, స్త్రీల ప్రతినిధులు, యువకులు, ఈటె పెద్దలు అందరూ ఉన్నారు.

సభలో ఒక పెద్ద తెల్ల కోడెను తెచ్చి కట్టారు. దానిని వారు మబియోర్ అన్నారు. ఈటె పెద్దలు దాని యెదుట ప్రార్థించి, జరిగిన చెడు అంతా దాని మీదికి వెళ్ళాలని పలికి, దానిని వధించారు. ఈ సమాధానాన్ని భంగపరచేవాడు ఆ కోడె పోయిన దారినే పోవాలని ప్రమాణం. మరొక వైపున క్రైస్తవ ప్రార్థనలు, ఆరాధన జరిగాయి.

ఆ తరువాత చర్చలు మొదలుపెట్టలేదు. ముందు కథలు చెప్పుకున్నారు. మొదట ఒక పక్షంవారు తమకు జరిగిన హాని అంతా చెప్పారు. ఏ ఊరు కాలింది, ఎవరి కుమార్తెను ఎత్తుకుపోయారు, ఎన్ని పశువులు పోయాయి అని ఒక్కొక్కరు లేచి చెప్పారు. రెండవ పక్షం కూర్చుని వినాలి. తరువాత రెండవ పక్షం చెప్పింది, మొదటి పక్షం విన్నది. దీనికే దినాలు పట్టాయి. తీర్మానాల మాట వచ్చింది ఆ తరువాతనే. తప్పిపోయినవారు, వారితో జరిగిన వివాహాలు, నేలను తిరిగి స్వాధీనపరచుకొనడం, సరిహద్దు కాపలా, ఒప్పందానికి బయట ఉన్నవారిని ఏమి చేయాలన్నది, తూర్పు గట్టుకు శాంతిని ఎలా విస్తరింపజేయాలన్నది. ఈ విధంగా పంచుకొని గుంపులుగా కూర్చుని పనిచేశారు.

చివరికి వ్రాసిన నిబంధనలోని ముఖ్యాంశాలు ఇవి. సైనికుల మధ్య గాని ఆయుధాలు ధరించిన ప్రజల మధ్య గాని వైరం వెంటనే ఆగిపోవాలి. 1999 జనవరి 1కి ముందు మనుష్యుల మీద, ఆస్తి మీద జరిగిన నేరాలన్నిటికీ క్షమాపణ. రాకపోకలకు, వర్తకానికి స్వేచ్ఛ. సరిహద్దులోని మేత బయళ్ళు, చేపల మడుగులు ఇరువురికీ ఉమ్మడి. చెదరిపోయినవారు తమ ఊళ్ళకు తిరిగి రావాలి. ఎత్తుకుపోయిన స్త్రీలను, పిల్లలను తిరిగి అప్పగించాలి. ఈ సమాధానం దక్షిణ సూడాన్ అంతటికీ వ్యాపించాలి. 300 మందికి పైగా సంతకాలు చేశారు. వ్రాత రానివారు వ్రేలిముద్ర వేశారు.

5. ఫలించిన చోటు, విరిగిన చోటు

నిబంధన కాగితం మీద మిగిలిపోలేదు. ఆ ఎండాకాలంలోనే మందలు ఉమ్మడి పచ్చికకు దిగాయి. ఎత్తుకుపోబడినవారిలో కొందరు ఇండ్లకు చేరారు. సరిహద్దు సంతలు తెరుచుకున్నాయి. 1999, 2000 సంవత్సరాలలో చమురు ప్రాంతంలో పోరు ముదిరి వేలకొలది నూయర్లు పారిపోయినప్పుడు వారు ఆశ్రయం పొందినది డింకా దేశంలోనే. రెండేండ్ల ముందు ఆ దారిన పోతే చంపబడేవారు. అంతకంటే రుజువు ఏమి కావాలి? ఇదే పద్ధతిలో 1999 నవంబరులో వాట్‌లో లోవు నూయర్ల మధ్య, 2000 మేలో లిలీర్‌లో తూర్పు గట్టు జాతుల మధ్య సభలు జరిగాయి. 2002 జనవరిలో గరాంగ్, మాచార్ తిరిగి కలుసుకున్నారు. దానికి చాలా కారణాలున్నా, తమ ప్రజలు తమకంటే ముందే కలిసిపోయారన్న సంగతి నాయకుల మీద ఒత్తిడి తెచ్చిందనడంలో సందేహం లేదు. 2005 జనవరి 9న ఖార్టూమ్‌తో సమగ్ర శాంతి ఒప్పందం జరిగింది. 2011 జూలై 9న దక్షిణ సూడాన్ స్వతంత్ర దేశమయింది.

కాని ఇక్కడే నిజం చెప్పుకోవాలి. వున్లిట్ పడమటి గట్టు ఒప్పందం. 1991లో అందరికంటే ఎక్కువ నష్టపోయిన బోర్ డింకాలు అందులో పక్షం కారు. తూర్పున జోంగ్లేలో లోవు నూయర్లకు, ముర్లే ప్రజలకు మధ్య పశువుల దోపిడీలు స్వాతంత్ర్యం తరువాత ఊచకోతలయ్యాయి. 2011లో సంఘ నాయకులు ఎపిస్కోపల్ ఆర్చ్‌బిషప్ డేనియల్ డెంగ్ బుల్ నాయకత్వంలో మధ్యవర్తిత్వం చేశారు. అది ఫలించకముందే ఆ డిసెంబరులో వేలకొలది లోవు నూయర్ యువకులు పిబోర్ మీదికి నడిచారు. ఆ దాడులలో ఆరు వందల మందికి పైగా చనిపోయారని ఐక్యరాజ్యసమితి విచారణ తేల్చింది. 2013 డిసెంబరు 15న రాజధాని జూబాలో అధ్యక్షుడు సాల్వా కీర్, మాచార్ పక్షాల మధ్య కాల్పులు మొదలై దేశమంతా అంటుకుంది. మళ్ళీ డింకా, నూయర్ అన్న పేర్లతోనే మనుష్యులను వేరుచేసి చంపారు. ఆ యుద్ధం వలన సుమారు 3,83,000 మంది చనిపోయి ఉంటారని లండన్‌లోని ఒక వైద్యవిద్యా సంస్థ పరిశోధకులు 2018లో అంచనా వేశారు. 2018 సెప్టెంబరులో మరొక ఒప్పందం జరిగింది. 2019 ఏప్రిల్‌లో పోప్ ఫ్రాన్సిస్ వాటికన్‌లో ఆ నాయకుల పాదాలను ముద్దుపెట్టుకొని శాంతి కోసం బ్రతిమాలాడు. 2023 ఫిబ్రవరిలో ఆయన, కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్, స్కాట్లండ్ సంఘ మోడరేటర్ ముగ్గురూ కలిసి జూబాకు వెళ్ళారు. 2025 మార్చిలో మాచార్‌ను గృహనిర్బంధంలో ఉంచడంతో ఆ ఒప్పందం మళ్ళీ కదిలిపోయింది.

ఈ వైఫల్యానికి కారణాలు వెదికితే మూడు కనిపిస్తాయి. మొదటిది, క్రింద ప్రజలు కుదుర్చుకున్న సమాధానాన్ని పైనున్న నాయకులు తమ అవసరాన్ని బట్టి వాడుకున్నారు, అవసరం తీరాక విడిచిపెట్టారు. రెండవది, నిబంధన కాపాడవలసిన సరిహద్దు పోలీసు, న్యాయసభలు, బడులు, బావులు చాలినంతగా ఏర్పడలేదు. మూడవది సున్నితమైనది. జనవరి 1కి ముందటి నేరాలన్నిటికీ క్షమాపణ అన్నారు. వేలకొలది హత్యలకు పరిహారం చెల్లించడానికి పశువులు ఎక్కడివి? కనుక అది తప్పని నిర్ణయమే. అయినా కుమారుని పోగొట్టుకున్న తల్లికి పరిహారమూ రాలేదు, తీర్పూ రాలేదు. కథ చెప్పుకొనడం ఒక్కటే ఆమెకు దక్కింది. అది కొంత ఊరట. అది న్యాయం కాదు.

6. కోడె బలి: ఒక వేదాంత ప్రశ్న

మన విద్యార్థులు ఇక్కడ తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది. క్రీస్తు ఒక్కసారే తన్నుతాను అర్పించుకొని బలులను ముగించాడని హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 10వ అధ్యాయం బోధిస్తుండగా, పాదిరులు కోడె బలి జరిగే సభలో ఎలా నిలబడ్డారు?

ఇది కొట్టివేయదగిన అభ్యంతరం కాదు. పాపం కోడె మీదికి వెళ్ళిపోతుందన్న అర్థంతో ఆ బలిని సంఘం ఆశీర్వదిస్తే, సిలువకు మరొకటి చేర్చినట్లే. కాని ఆ క్రియలో రెండు అర్థాలు కలిసి ఉన్నాయి. ఒకటి పాపనివృత్తి, రెండవది ప్రమాణం. మాట తప్పినవాడు ఈ కోడెవలె అగును గాక అన్నది యిర్మీయా 34:18 వెలుగులో చూస్తే మనకు పరిచయమైన సంగతే. యూదా పెద్దలు దూడను రెండు భాగాలుగా కోసి వాటి మధ్య నడిచి ప్రమాణం చేశారు, దాసులను విడిచిపెడతామన్న మాట తప్పారు. ఆ దూడ గతే వారికి పడుతుందని ప్రవక్త చెప్పాడు. ఆదికాండము 31లోనైతే లాబాను తన పితరుల దేవుని పేరు ఎత్తాడు. యాకోబు తన తండ్రియైన ఇస్సాకు భయపడిన దేవుని తోడని ప్రమాణం చేశాడు. ఇద్దరి ప్రమాణాలు ఒకటి కాలేదు. అయినా కుప్ప ఒకటే, హద్దు ఒకటే, కలిసి భోజనం చేసిన బల్ల ఒకటే.

నా అభిప్రాయం ఇది. సంఘం కత్తి పట్టలేదు. ప్రార్థనను విడిచిపెట్టనూ లేదు. తన విశ్వాసాన్ని మరుగుచేయకుండా, అవతలివాడు తన మనస్సాక్షి ఎదుట చేసే ప్రమాణాన్ని గౌరవించింది. రక్తం అంటదని సైనికాధికారులు నేర్పిన సమాజంలో, రక్తం అంటుతుందని ఒక కోడె ద్వారా మళ్ళీ గుర్తుచేయబడింది. అక్కడి నుండి ఎఫెసీయులకు 2వ అధ్యాయంలోని మధ్యగోడను పడగొట్టిన క్రీస్తు దగ్గరకు నడిపించడం సంఘం పని. ఆ రెండవ పని చాలినంతగా జరిగిందా అన్నది నన్ను ఎక్కువగా కలవరపెట్టే ప్రశ్న. 2013లో ఇరువైపులా తుపాకులు పట్టినవారిలో బాప్తిస్మం పొందినవారు చాలామంది ఉన్నారు.

7. పరిచర్యకు పాఠాలు

మొదటిది, సమాధానపరచేవాడు ముందు దారి దాటాలి. పెద్దలు శత్రువు ఇంటికి వెళ్ళి వచ్చిన తరువాతనే సభ జరిగింది. మన ఊళ్ళలో తగవు పడినవారిని పాదిరి ఇంటికి పిలిపిస్తాం. అవతలి ఇంటికి మనం వెళ్ళము.

రెండవది, వినకుండా చేతులు కలపరాదు. సేవ ప్రారంభించిన రోజులలో నా సంఘంలో గట్టు తగవు పడిన రెండు కుటుంబాలను ఒక్క సాయంకాలంలో రాజీ పరచి, మరుసటి ఆదివారం ప్రభువు బల్లలో ప్రక్క ప్రక్కన కూర్చుండబెట్టాను. అందరూ సంతోషించారు. నెల తిరగకముందే తలలు పగిలాయి. ఇద్దరిలో ఎవరి మాటా నేను చివరివరకు విననేలేదని చాలా కాలానికి గాని నాకు తెలియలేదు. వున్లిట్ గురించి చదివినప్పుడు ఆ దినాల కథనాలు నన్ను గద్దించాయి.

మూడవది, శాంతి ఒక సభ కాదు, ఒక ఊరు. బిషప్ పారిదే తబాన్ దీనిని గ్రహించాడు. ఆయన 2005లో ఈస్టర్న్ ఈక్వటోరియాలోని కురోన్‌లో హోలీ ట్రినిటీ శాంతి గ్రామాన్ని స్థాపించాడు. ఒకరి మందలను ఒకరు దోచుకొనే తోపోసా మొదలైన జాతుల పిల్లలు అక్కడ ఒకే బడిలో చదివారు, వారి తల్లులు ఒకే ఆసుపత్రికి వచ్చారు. 2013లో ఆయనకు ఐక్యరాజ్యసమితి సెర్జియో వియెరా డి మెల్లో బహుమానం లభించింది. 2023 నవంబరు 1న నిద్రించాడు. ఆయన మిగిల్చిపోయినది తీర్మానాల ప్రతి కాదు, బడి, వంతెన, ఆసుపత్రి.

నాలుగవది, దేవుడు ఈ పనికి మనలనే కాదు, ఇతరులను కూడా వాడుకుంటాడు. ఉత్తర కెన్యాలోని వజీర్‌లో 1990ల మొదట్లో సోమాలీ వంశాల మధ్య పోరు సంతలోకి కూడా వచ్చి, ఒక వంశం స్త్రీలు మరొక వంశం స్త్రీలతో కొనడం, అమ్మడం మానివేశారు. అప్పుడు డేఖా ఇబ్రహీం అబ్ది అనే ముస్లిం స్త్రీ, మరి కొందరు కలిసి, సంత అందరిదీ కావాలని కాపలా కాశారు. తరువాత పెద్దలను, యువకులను, ప్రభుత్వాన్ని ఒక కమిటీలోకి తెచ్చారు. ఆమెకు 2007లో రైట్ లైవ్లీహుడ్ బహుమానం వచ్చింది. శాంతి పని పెద్దల సభ నుండే మొదలు కానక్కరలేదు, కూరల గంప దగ్గర కూడా మొదలు కాగలదు.

ముగింపు

రెహోబోతు బావి ఇస్సాకుకు మొదటి త్రవ్వకంలో దొరకలేదు. ఏశెకు దగ్గర జగడం, శిత్నా దగ్గర విరోధం. అతడు కత్తి దూయలేదు, త్రవ్వడమూ మానలేదు. మూడవ చోట తనకు ఎడము దొరికిందని దేవుని స్తుతించాడు. దక్షిణ సూడాన్ సంఘానికి అడిస్ అబాబా ఒక బావి, వున్లిట్ మరొక బావి. రెండూ పూడిపోయాయి. నిందించడం సులభం. అయితే అవి ఉన్నంత కాలం వాటి నీళ్ళు త్రాగి బ్రతికినవారున్నారని మరువరాదు. 2000లో డింకా దేశంలోకి ప్రాణాలతో నడిచి వచ్చిన నూయర్ తల్లిని అడిగితే వున్లిట్ విఫలమయిందని అనదు.

కులం పేరున, మిషన్ పేరున చీలిన మన సంఘాలలో సమాధానపరచు పరిచర్య చేయబోయే విద్యార్థులు ఈ చరిత్రను దూరదేశపు సంగతిగా చదవకూడదు. మన బావులు కూడా పూడిపోవచ్చు. ఆ సంగతి తెలిసి కూడా పలుగు పట్టుకొనేవాడే ఈ పరిచర్యకు పిలువబడినవాడు.